తోడు ప్రొటీన్ చేరితే డీఎన్‌ఏ కాపీలో తప్పులు పెరుగుతాయా, తగ్గుతాయా? ల్యాబులో తేల్చుకునే పద్ధతి

డీఎన్‌ఏని కాపీ చేసే ఎంజైమ్ పాలిమరేజ్‌కి తోడు ప్రొటీన్ జత చేస్తే కాపీ ఇంకా కచ్చితంగా వస్తుందని చాలామంది ముందే నమ్మేసి ప్రయోగం మొదలుపెడతారు. ఆ నమ్మకం పక్కన పెట్టండి. టీ7 ఫేజ్ (బ్యాక్టీరియాకి సోకే వైరస్) పాలిమరేజ్‌కి థయోరెడాక్సిన్ అనే తోడు ప్రొటీన్ అందకపోతే, ఒకే బేస్ (డీఎన్‌ఏ అక్షరం) వరసగా వచ్చే చోట్ల ఫ్రేమ్‌షిఫ్ట్ తప్పులు (బేస్ తగ్గిపోవడం, ఎక్కువవడం) బాగా పెరుగుతాయని 1994లో తేలింది. మన మైటోకాండ్రియాలోని గామా పాలిమరేజ్ దగ్గర 2001లో దీనికి తలకిందులుగా కనిపించింది: పీ55 అనే తోడు ప్రొటీన్ చేరాకే తప్పులు ఎక్కువయ్యాయి.

కారణం ఒక్కటే, ఫలితాలే రెండు. తప్పు బేస్ పడ్డాక ఎంజైమ్ వెనక్కి వెళ్లి దాన్ని కత్తిరించాలి, లేదా ముందుకు సాగిపోవాలి. తోడు ప్రొటీన్ ఎంజైమ్‌ని డీఎన్‌ఏ మీద పట్టి ఉంచుతుంది. ఆ పట్టు వల్ల ముందుకు సాగడం సులువైతే తప్పు లోపలే ఉండిపోతుంది. అదే పట్టు వల్ల, టీ-టీ-టీ-టీ లాంటి చోట ఎంజైమ్ మధ్యలో వదిలేయడం తగ్గి, ప్రైమర్ (పాలిమరేజ్ పొడిగించే పోగు) కొస జారి పక్క బేస్‌తో అతుక్కునే అవకాశమూ తగ్గుతుంది. అందుకే ఏ రకం తప్పు ఎంత మారిందో విడివిడిగా కొలవాలి.

మొదటిసారి చేసేవాళ్లు టీ7 జంటతోనే మొదలుపెట్టడం మంచిది. అసలు ఎంజైమ్ జీపీ5, తోడు ఈ.కోలై థయోరెడాక్సిన్. జీపీ5ని మామూలు ఈ.కోలైలో తయారుచేస్తే అది అక్కడి థయోరెడాక్సిన్‌ని వెంటబెట్టుకునే వస్తుంది, మీ 'తోడు లేని' ట్యూబులో తోడు ఉండనే ఉంటుంది. థయోరెడాక్సిన్‌ని తయారుచేసే టీఆర్‌ఎక్స్‌ఏ జీన్ తీసేసిన స్ట్రెయిన్ తప్పనిసరి. ప్రూఫ్‌రీడింగ్ (తప్పు బేస్‌ని కత్తిరించే పని) పోగొట్టిన డీ5ఏ/ఈ7ఏ మ్యూటెంట్‌ని కూడా పక్కన చేసుకోండి. ప్రూఫ్‌రీడింగ్ ఉన్న ఎంజైమ్ ఒక్కదాంతోనే చేస్తే తప్పులు బ్యాక్‌గ్రౌండ్‌లో (ఎంజైమ్ వెయ్యకపోయినా కనిపించే మ్యూటెంట్లలో) కలిసిపోతాయి.

ఎంజైమ్ స్టాక్ 50 శాతం గ్లిసరాల్‌లో ఉంటుంది. దాన్ని హబ్సిగూడ నుంచి గచ్చిబౌలికి మే ఎండలో తీసుకెళ్లాల్సి వస్తే డ్రై ఐస్ వాడొద్దు, గడ్డకట్టి, కరిగి పాడవుతుంది. నలగ్గొట్టిన ఐసులో ఉప్పు దండిగా కలిపి థర్మాకోల్ డబ్బాలో పెట్టండి, సున్నాకి బాగా కింద చల్లదనం దొరుకుతుంది.

టెంప్లేట్‌గా ఎం13ఎంపీ2 ఫేజ్ డీఎన్‌ఏ కావాలి. రెండు పోగుల రూపాన్ని పీవీయూ2 అనే కత్తిరింపు ఎంజైమ్‌తో కోసి పెద్ద ముక్క తీసుకోండి. ఉప్పు తక్కువగా ఉన్న ద్రావణంలో 70 డిగ్రీల దగ్గర విడదీసి, ఒంటిపోగు వలయం కలిపి, 2ఎక్స్ ఎస్‌ఎస్‌సీ అనే ఉప్పు ద్రావణంలో 60 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉంచితే, నీలం రంగుకి కారణమైన ల్యాక్‌జెడ్ జీన్ భాగం మీద 407 బేసుల ఖాళీ ఉన్న వలయం వస్తుంది. ఆ ఖాళీని పాలిమరేజ్ నింపాలి. నింపేటప్పుడు తప్పు చేస్తే ప్లాక్ (బ్యాక్టీరియా పొరలో ఫేజ్ చేసే మచ్చ) రంగు మారుతుంది.

రియాక్షన్ 25 మైక్రోలీటర్లు: గ్యాప్ డీఎన్‌ఏ 150 నానోగ్రాములు (సుమారు 1.3 నానోమోలార్), ట్రిస్ 20 మిల్లీమోలార్ పీహెచ్ 7.5, మెగ్నీషియం క్లోరైడ్ 10, సోడియం క్లోరైడ్ 50, డీటీటీ 5 మిల్లీమోలార్, నాలుగు డీఎన్‌టీపీలూ (కొత్త పోగుకి ముడిసరుకు) ఒక్కొక్కటి 250 మైక్రోమోలార్. జీపీ5 10 నానోమోలార్, థయోరెడాక్సిన్ 200 నానోమోలార్. ఈ రెండూ సుమారు 5 నానోమోలార్ దగ్గరే పట్టుకుంటాయి కాబట్టి అది ధారాళంగా సరిపోతుంది. డీటీటీ పాతబడితే థయోరెడాక్సిన్ ఆక్సీకరణ చెంది జీపీ5ని పట్టుకోదు. ఏ రోజుకారోజు కలుపుకోండి.

తోడు లేని ట్యూబులో ఆ జాగాని ఖాళీగా వదలొద్దు. థయోరెడాక్సిన్ నిల్వ ఉంచిన బఫరే అంతే పరిమాణంలో, అంతే బరువు బీఎస్‌ఏ అనే మామూలు ప్రొటీన్‌తో కలిపి వెయ్యండి. థయోరెడాక్సిన్‌ని ఉడకబెట్టి 'చచ్చిన ప్రొటీన్' కంట్రోల్‌గా వాడదామని కొందరు చూస్తారు. అది వేడిని తట్టుకునే ప్రొటీన్, చల్లారగానే మళ్లీ పనిచేస్తుంది.

అసలు ప్రమాదం ఇక్కడుంది. తోడు లేని జీపీ5 కొద్ది బేసులు వేసి వదిలేస్తుంది, తోడు ఉంటే వందలు వేస్తుంది. రెండు ట్యూబుల్లోనూ ఎంజైమ్ ఒకే మోతాదులో వేస్తే ఒకదాంట్లో ఖాళీ సగమే నిండుతుంది. ఆ మిగతా సగాన్ని ట్రాన్స్‌ఫార్మ్ చేశాక (డీఎన్‌ఏని బ్యాక్టీరియాలోకి పంపాక) ఈ.కోలై తన సొంత ఎంజైమ్‌తో నింపుతుంది, మీరు కొలిచేది బ్యాక్టీరియా నైపుణ్యం అవుతుంది. తోడు లేని వైపు జీపీ5ని 50, 100, 200 నానోమోలార్‌లకు పెంచుతూ, 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి, 15 మిల్లీమోలార్ ఈడీటీఏతో ఆపండి. సగం శాంపిల్‌ని 0.8 శాతం అగరోజ్ జెల్ మీద నడిపితే, ఖాళీ నిండిన అణువులు నిక్ (ఒక పోగులో తెగిన చోటు) పడ్డ రెండుపోగుల వలయం బ్యాండ్ దగ్గరికి చేరాలి. మధ్యలో మసకగా సాగిన గీత కనిపిస్తే ఆ శాంపిల్ వద్దు. ప్రూఫ్‌రీడింగ్ లేని మ్యూటెంట్‌కి ఎదురుగా ఉన్న పోగుని తోసుకుంటూ పోయే అలవాటుంది కాబట్టి దానికి సమయం తగ్గించండి.

మిగిలిన సగాన్ని నీళ్లలో పదింతలు పల్చన చేసి, 1 మైక్రోలీటర్ ఎంసీ1061 అనే ఈ.కోలై కణాలకు ఎలక్ట్రోపొరేషన్ (కరెంటు షాక్)తో ఇవ్వండి. ఉప్పు ఎక్కువైతే క్యువెట్‌లో టప్పుమని పేలుతుంది. ఫేజ్ బయటికొచ్చేలోపే, సీఎస్‌హెచ్50 లాన్ (పొరలా పెరిగే ఈ.కోలై), నీలం రంగు తేల్చే ఎక్స్-గాల్, ఐపీటీజీ ఉన్న సాఫ్ట్ అగర్‌తో పొయ్యండి, ఆలస్యమైతే ఒకే అణువు నుంచి పది ప్లాకులు పుడతాయి. తెల్ల కాగితం మీద ప్లేటు పెట్టి చూడండి: సరైనవి ముదురు నీలం, మ్యూటెంట్లు లేత నీలం లేదా రంగు లేనివి. లేత నీలం ప్లాక్ ప్రతిదాన్నీ సరైన ఫేజ్ పక్కనే మళ్లీ పోసి పోల్చండి. కొత్తవాళ్ల లెక్క ఎక్కువగా తప్పేది ఇక్కడే.

ఏ ఎంజైమూ వెయ్యని గ్యాప్ డీఎన్‌ఏకే పదివేలకు 6 వరకు మ్యూటెంట్లు వస్తాయి. ఆ స్థాయి దగ్గర రెట్టింపు తేడా చూపాలంటే 10,000 ప్లాకులు చాలవు. 6కీ 12కీ తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు. 50,000 లెక్కిస్తే 30, 60 అవుతాయి, అప్పుడు నమ్మొచ్చు.

మ్యూటెంట్లని సీక్వెన్స్ చేసి రకాలుగా విడదీయండి. పదివేలకు 60 వచ్చి, బ్యాక్‌గ్రౌండ్ 6 తీసేస్తే 54. వాటిలో 40 శాతం ఒక బేస్ జారిపోయిన ఫ్రేమ్‌షిఫ్ట్‌లైతే 21.6. కొత్త పోగు మీది తప్పు కనబడే అవకాశం 0.6, ఫ్రేమ్‌షిఫ్ట్ గుర్తుపట్టగల చోట్లు 199. పదివేలకు 21.6ని 119.4తో భాగిస్తే, లక్ష బేసులకు సుమారు 1.8 తప్పులు. బేస్ మార్పులకైతే చోట్లు 125. తోడు ఉన్నప్పుడూ లేనప్పుడూ ప్రతి రకానికీ ఇలాగే వేసి, నిష్పత్తిని పక్కపక్కన రాయండి.

ఇదే పద్ధతిని ఈస్ట్ డెల్టా పాలిమరేజ్, దాని తోడు ప్రొటీన్ పీసీఎన్‌ఏ మీద చెయ్యాలంటే ఒక మాట: పీసీఎన్‌ఏ ఉంగరం డీఎన్‌ఏ మీదికి దానంతటదే సరిగా ఎక్కదు, దాన్ని ఎక్కించే ఆర్‌ఎఫ్‌సీ ప్రొటీన్, శక్తినిచ్చే ఏటీపీ కావాలి. పీసీఎన్‌ఏ లేని ట్యూబులోనూ ఆ రెండూ వెయ్యండి, లేకపోతే తేడా దేనివల్ల వచ్చిందో చెప్పలేరు.