అమెరికాలో ఆన్ క్యాంపస్ జాబ్: ఎఫ్-1 స్టేటస్‌కు ఇబ్బంది రాకుండా ఎలా చేయాలి?

తెచ్చుకున్న డాలర్లు వేళ్ల మీద లెక్కపెట్టుకునే మొదటి నెలలోనే ఎవరో ఒకరు చెవిన వేస్తారు: "ఫలానా గ్యాస్ స్టేషన్‌లో క్యాష్ ఇస్తారు, ఎవరికీ తెలీదు." దయచేసి ఆ మాట వినకండి. ఎఫ్-1 (అమెరికా స్టూడెంట్ వీసా) విద్యార్థులు మొదటి సెమిస్టర్ నుంచే క్యాంపస్‌లో పని చేసుకోవచ్చు. దానికి యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ) నుంచి వర్క్ కార్డు కూడా అక్కర్లేదు.

1. ఏది ఆన్ క్యాంపసో తేల్చుకోండి. లైబ్రరీ, డైనింగ్ హాల్, జిమ్, ప్రొఫెసర్ దగ్గర గ్రేడర్ పని (పేపర్లు దిద్దడం), ఇవన్నీ సరే. క్యాంపస్ లోపలి కాఫీ షాపును బయటి కంపెనీ నడుపుతున్నా, అది విద్యార్థుల కోసమే ఉన్నదైతే ఫర్వాలేదు. అదే క్యాంపస్‌లో బిల్డింగు కడుతున్న కాంట్రాక్టర్ దగ్గర పని మాత్రం కుదరదు. గేటు ఎదురుగా ఉన్న రెస్టారెంటు కూడా అంతే. జాబ్ పోర్టల్‌లో 'ఫెడరల్ వర్క్ స్టడీ' (అమెరికా ప్రభుత్వ ఆర్థిక సాయంతో నడిచే జాబ్‌లు) అని ఉన్నవి మనకు ఇవ్వరు, వాటిని వదిలేయండి.

2. ముందు జాబ్, తర్వాతే ఎస్ఎస్ఎన్ (జీతం, పన్నుల లెక్కకు కావలసిన సోషల్ సెక్యూరిటీ నంబరు). చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, సోషల్ సెక్యూరిటీ ఆఫీసు దాకా వెళ్లి ఉత్త చేతులతో వస్తారు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన ఉద్యోగ లెటర్ పట్టుకుని ఇంటర్నేషనల్ ఆఫీసుకు వెళ్లండి. అక్కడ డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల స్టేటస్ చూసుకునే కాలేజీ అధికారి) ఇంకో లెటర్ ఇస్తారు. ఆ రెండూ, పాస్‌పోర్టు, ఐ-20 (కాలేజీ ఇచ్చిన అడ్మిషన్ పత్రం), ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) తీసుకుని అప్లై చేయండి. దేశంలో దిగి పది రోజులైనా గడవనిస్తే మీ వివరాలు వాళ్ల కంప్యూటర్లో కనిపిస్తాయి. ఫీజు లేదు. అప్లై చేశాక, నంబరు చేతికి రాకముందే పని మొదలుపెట్టవచ్చు.

3. చేరిన రోజు కాగితాలు. ఐ-9 ఫారంలో (పని చేసే అర్హత ఉందని చూపించేది) మీ భాగం మొదటి రోజుకే నింపాలి. ఒరిజినల్ డాక్యుమెంట్లు మూడు పని దినాల్లోపు చూపించాలి. డబ్ల్యూ-4 (జీతంలో ఎంత పన్ను కోయాలో చెప్పే ఫారం) నింపేటప్పుడు నాన్ రెసిడెంట్ (పన్ను లెక్కలో ఇక్కడి నివాసి కాదు) అని చెప్పడం మర్చిపోవద్దు.

మొదటి పే స్లిప్ రాగానే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (పెన్షన్, వృద్ధుల వైద్యం కోసం కోసే పన్నులు) వరసలు చూడండి. ఎఫ్-1 విద్యార్థులకు సాధారణంగా మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు ఈ రెండూ కోయకూడదు. పొరపాటున కోస్తే 300 డాలర్లకు దాదాపు 23 డాలర్లు పోతాయి. పేరోల్ వాళ్లను అడిగితే సరిచేస్తారు.

4. 20 గంటలు. అసలు ఇబ్బంది అంతా ఇక్కడే. క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు మించకూడదు. ఆ 20 ఒక్కో జాబ్‌కు కాదు, అన్నీ కలిపి. 20 గంటల ఆర్‌ఏషిప్ (ప్రొఫెసర్ దగ్గర రీసెర్చ్ అసిస్టెంట్ పని) ఉంటే లైబ్రరీలో రెండు గంటలు కూడా చేయకూడదు. ఈ వారం 15 చేశాను కదా అని వచ్చే వారం 25 చేయడానికీ లేదు.

నేను డైనింగ్ హాల్లో గిన్నెలు కడిగే చోట పని చేశాను. గురువారం రాత్రి తొమ్మిదింటికి బెల్టు మీద ట్రేలు వస్తూనే ఉంటాయి. తోటివాడు రాలేదు, సూపర్‌వైజర్ వచ్చి "ఇంకో రెండు గంటలు ఉంటావా?" అని అడిగాడు. అప్పటికి నా లెక్క 19. మొహమాటపడకుండా "ఒక్క గంటే ఉండగలను, వీసా రూల్" అన్నాను. అతను తల ఊపి వెళ్లిపోయాడు. సూపర్‌వైజర్లకు మన రూల్స్ గుర్తుండవు, గంటల లెక్క మనమే ఫోన్లో రాసుకోవాలి.

వేసవి సెలవుల్లో, తర్వాతి సెమిస్టర్‌కు చేరే ఉద్దేశం ఉంటే, ఫుల్ టైమ్ చేయవచ్చు. స్ప్రింగ్ బ్రేక్ లాంటి వాటికి ముందు డీఎస్‌ఓను అడగండి. వేరే యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయితే, సెవిస్ రికార్డు (ప్రభుత్వ కంప్యూటర్లో విదేశీ విద్యార్థుల వివరాలు) మారిన రోజు నుంచి పాత క్యాంపస్‌లో పని ఆపేయాలి. చదువు పూర్తయ్యాక కూడా ఆన్ క్యాంపస్ అనుమతి ఉండదు, అప్పుడు ఓపీటీ కార్డు (చదువుకు సంబంధించిన పనికి ఇచ్చే తాత్కాలిక అనుమతి) కావాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, వేరే కారణాలతో స్టేటస్ పోతే రీఇన్‌స్టేట్‌మెంట్ (స్టేటస్ తిరిగి ఇవ్వమని) అడిగే వీలుండొచ్చు. అనుమతి లేని పని చేసినట్టు తేలితే ఆ దారీ మూసుకుపోతుంది.

5. ట్యాక్స్. జీతం తీసుకున్నవాళ్లు మరుసటి ఏడాది ఏప్రిల్ 15 లోపు 1040-ఎన్ఆర్ (నాన్ రెసిడెంట్ల ట్యాక్స్ రిటర్న్), దాంతోపాటు 8843 (విద్యార్థిగా అమెరికాలో ఉన్న రోజులు చెప్పే ఫారం) ఫైల్ చేయాలి. భారత్-అమెరికా పన్ను ఒప్పందం వల్ల మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను లేకుండా తీసేసే స్థిరమైన మొత్తం) దొరుకుతుంది. మిగతా నాన్ రెసిడెంట్లలో చాలామందికి ఇది లేదు, కాబట్టి ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలేయకండి.