సంగటి కెలకడానికి ఇద్దరుండాలి

రాగిసంగటి ఉండలు కడుతోందా? పిండిని తిట్టుకోకండి, నీళ్ల లెక్క చూసుకోండి. తిరుపతిలో మా ఇంట్లో నేనూ మా ఆయనా కలిసి చేసే పద్ధతి ఇది.

గ్లాసు బియ్యం అరగంట నానబెట్టి, 5 గ్లాసుల నీళ్లలో ఉప్పేసి పలుకు లేకుండా మెత్తగా ఉడికించాలి. పిండి వేసే ముందు గ్లాసు గంజి తీసి పక్కన పెట్టుకోండి. అసలు కిటుకు ఇదే. తర్వాత గ్లాసున్నర రాగిపిండి అన్నం మీద కుప్పగా పోసి, తెడ్డు కాడతో నడుమ గుంత చేసి, మూతపెట్టి సన్నమంట మీద 10 నిమిషాలు వదిలేయాలి. అప్పుడే కలిపేశారో, ఉండలు ఖాయం!

ఆలోపు రెండోవాళ్లు ఊరిబిండి అనే పచ్చడి కానిచ్చేయొచ్చు. వేయించిన చెనిక్కాయ (వేరుశనగ) విత్తనాలు, ఎండుమిర్చి, చింతపండు, ఉప్పు నూరి, చివర్లో ఎర్రగడ్డ (ఉల్లిపాయ) వేసి కచ్చాపచ్చాగా దంచాలి. మిక్సీలో అయితే ఎర్రగడ్డ వేశాక ఒక్క తిప్పు చాలు. మెత్తగా రుబ్బితే అది ఇడ్లీ చట్నీ అయిపోతుంది.

ఇక సంగటి దించి, ఒకరు మసిగుడ్డతో గిన్నె గట్టిగా పట్టుకుంటే ఇంకొకరు రెండు చేతులా తెడ్డు పట్టి, గిన్నె అంచుకేసి అదుముతూ కెలకాలి. గట్టిపడితే పక్కన పెట్టిన గంజి వేడిచేసి కొద్దికొద్దిగా పోయండి, చన్నీళ్లు మాత్రం వద్దు. తడిచేత్తో తాకితే అంటుకోకూడదు, అదీ గుర్తు. నాటుకోడి పులుసే దీనికి జోడీ అంటాడు మా ఆయన. నా ఓటు మాత్రం ఊరిబిండికే, పైన కాస్త నెయ్యి ఉంటే.