లూప్ వేయించుకోబోతున్నారా? నొప్పి సంగతి ముందే తేల్చుకోండి

గర్భం రాకుండా గర్భసంచిలో ఉంచే లూప్‌ను వేయడానికి పట్టేది మహా అయితే ఐదు నిమిషాలు. అందులోనూ గట్టిగా నొప్పి తెలిసేది ఒకటి రెండు నిమిషాలే. కాకపోతే ఆ నొప్పి ఒక్కటి కాదు. మూడు సందర్భాల్లో, మూడు కారణాలతో వస్తుంది. ఒకదానికి పనిచేసే మందు ఇంకోదానికి పనిచేయదు. ఇది ఎవరూ విడమరిచి చెప్పరు. దాంతో చాలామంది ఇంట్లో ఒక నొప్పి మాత్ర వేసుకుని వెళ్తారు. బల్ల మీద ప్రాణం పోయినంత పనవుతుంది. "అందరూ ఓర్చుకుంటున్నారు, నావల్లే కాలేదు" అనుకుంటూ ఇంటికొస్తారు. లోపం ఓర్పులో లేదు, ఆ మాత్రకు అంత శక్తి లేదంతే.

కొందరికి చీమ కుట్టినట్టు అయిపోతుంది, కొందరికి పురిటి నొప్పులు గుర్తొస్తాయి. రెండు మాటలూ నిజమే. నొప్పి ఎక్కువగా ఉండే అవకాశం ఎవరికంటే: ఒక్కసారి కూడా మామూలు కాన్పు కానివాళ్లకు (సిజేరియన్లు మాత్రమే అయినవాళ్లు కూడా ఇందులోకే వస్తారు), నెలసరి నొప్పి ఎక్కువగా ఉండేవాళ్లకు, చివరి కాన్పు అయి చాలా ఏళ్లయినవాళ్లకు, ఇదివరకు లోపలి పరీక్షలో చేదు అనుభవం ఉన్నవాళ్లకు, రాత్రి నిద్ర పట్టనంత భయపడేవాళ్లకు. మీరు వీళ్లలో ఒకరైతే "అక్కడికెళ్లాక చూద్దాంలే" అనుకోవద్దు. మత్తు గురించి అడిగాకే తేదీ ఖాయం చేసుకోండి.

పేరుకు లూప్ అంటున్నాం గానీ ఇప్పుడు వేసేది ఇంగ్లిష్ టి అక్షరం ఆకారంలో ఉంటుంది. 1960ల్లో వచ్చిన లిప్పెస్ లూప్ మెలికలు తిరిగిన ప్లాస్టిక్ తీగలా ఉండేది. వస్తువు పోయినా పేరు మిగిలింది. రాగి తీగ చుట్టిన కాపర్-టి 380ఎ పొడవు 36 మి.మీ., రెండు చేతులూ చాచితే వెడల్పు 32 మి.మీ. హార్మోన్ లూప్‌లలో 52 మి.గ్రా. లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్ ఉండేది పెద్ద రకం, దాన్ని లోపలికి పంపే గొట్టం మందం 4.4 మి.మీ. చిన్న రకాలకు 3.8 మి.మీ. గొట్టం సరిపోతుంది. అర మిల్లీమీటరు తేడాకే ఏమవుతుంది అనిపిస్తుంది. కానీ కాన్పు కాని గర్భసంచి ముఖద్వారం దగ్గర ఆ తేడా తెలుస్తుంది. చిన్న రకం 3 లేదా 5 ఏళ్లే పనిచేస్తుంది. ఆ గడువు మీకు చాలనుకుంటే దాని గురించి అడగండి.

బల్ల మీద జరిగేది వరుసగా

ముందు డాక్టరు రెండు వేళ్లతో లోపల, ఇంకో చేత్తో పొత్తికడుపు మీద నొక్కి గర్భసంచి ముందుకు వంగి ఉందా, వెనక్కి వంగి ఉందా చూస్తారు. ఈ పని తొందరగా కానిచ్చేస్తే దిశ తప్పి గోడకు గుచ్చుకునే ప్రమాదం ఉంది, కాబట్టి కాస్త ఇబ్బందిగా ఉన్నా దీన్ని పూర్తిగా చేయనివ్వండి. తర్వాత స్పెక్యులమ్, అంటే లోపల కనబడేలా యోనిని తెరిచి ఉంచే సాధనం. చల్లగా, ఒత్తిడిగా ఉంటుంది గానీ నొప్పి పుట్టకూడదు. పుడితే చెప్పండి, చిన్న సైజువి ఉంటాయి. ఆపైన మందు ముంచిన దూదితో తుడుస్తారు.

మొదటి నొప్పి ఇక్కడే. గర్భసంచి వంపును తిన్నగా చేయడానికి ముఖద్వారం పెదవిని కొక్కెం కొసలున్న పటకారుతో పట్టుకుని కొద్దిగా లాగుతారు. చురుక్కుమని గిల్లినట్టు ఉంటుంది. పటకారును టక్కున బిగించకుండా ఒక్కో మెట్టూ నెమ్మదిగా బిగిస్తే ఈ నొప్పి కొంత తగ్గొచ్చు. అలా చేయమని అడగడంలో తప్పేమీ లేదు.

రెండోది, లోతు కొలవడానికి సెంటీమీటర్ల గుర్తులున్న సన్నని కడ్డీ పంపినప్పుడు. మామూలుగా 6 నుంచి 9 సెం.మీ. లోతు వస్తుంది. ముఖద్వారం లోపలి కొస బిగుతుగా ఉంటుంది. కడ్డీ దాన్ని దాటేటప్పుడు కడుపు మెలిపెట్టినట్టు అవుతుంది. కళ్లు తిరగడం, వికారం ఎక్కువగా మొదలయ్యేదీ ఇక్కడే.

మూడోది, గొట్టం లోపలికెళ్లి లూప్ చేతులు విచ్చుకుని పైకప్పుకు తగిలినప్పుడు. నెలసరి నొప్పి పది రెట్లయినట్టు నడుముకూ తొడలకూ పాకుతుంది, అర నిమిషంలో దిగడం మొదలవుతుంది. ఆ తర్వాత దారాలను 3 సెం.మీ. ఉంచి కత్తిరిస్తారు. దానికి నొప్పే లేదు.

ముఖద్వారానికి వెళ్లే నరాలు వేరు, గర్భసంచి పైభాగానికి వెళ్లే నరాలు వేరు. ముఖద్వారం చుట్టూ ఇచ్చే మత్తు మొదటి రెండు నొప్పులను బాగా అణుస్తుంది, మూడోదాన్ని కొంతవరకే. మత్తిచ్చినా చివర్లో ఒక మెలిక తప్పదని ముందే తెలిసి ఉంటే అప్పుడు కంగారు పుట్టదు.

ఫోన్లోనే అడగాల్సినవి

"మీ దగ్గర లూప్‌కు మత్తు ఇస్తారా? ఏ రకం? ఆ రోజే కావాలంటే ముందు చెప్పాలా?" అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఈ మూడూ అడగండి. బల్ల ఎక్కాక అడిగితే మందు బయటకు తీసి ఉండదు, డాక్టరుకూ తీరిక ఉండదు.

బాగా పనిచేసేవాటిలో ఒకటి ముఖద్వారం చుట్టూ ఇచ్చే లిడోకైన్ అనే మత్తుమందు ఇంజెక్షన్. సాధారణంగా 1 శాతం మందు 20 మి.లీ. వరకు వాడతారు. పటకారు పట్టే చోట 2 మి.లీ., మిగతాది గడియారంలో 4, 8 అంకెలుండే చోట రెండు పక్కలా. సూది కూడా కాసేపు మంటగా ఉంటుంది, ఆ సంగతి దాచడం ఎందుకు. సోడా బైకార్బనేట్ కలిపి ఇస్తే మంట తగ్గుతుంది. సూది తర్వాత కనీసం మూడు నిమిషాలు ఆగాలి. ఆగకుండా పని మొదలుపెడితే మంటా భరించాలి, నొప్పీ భరించాలి. పెదవులు తిమ్మిరెక్కినా, చెవుల్లో గుయ్ మన్నా, నోట్లో ఇనుము రుచి వచ్చినా మందు రక్తంలోకి ఎక్కువగా వెళ్తోందని అర్థం, వెంటనే చెప్పండి. గుండె లయలో తేడా ఉన్నా, ఇదివరకు పళ్ల డాక్టరు ఇచ్చిన మత్తుమందు ఒంటికి పడకపోయినా ముందే చెప్పాలి.

సూది వద్దనుకుంటే 10 శాతం లిడోకైన్ స్ప్రే గానీ, లిడోకైన్, ప్రిలోకైన్ కలిపిన క్రీము గానీ ఉన్నాయి. స్ప్రేకు దాదాపు 3 నిమిషాలు, క్రీముకు 7 నిమిషాలు ఆగాలి. 2 శాతం జెల్ మాత్రం రాసినా రాయనట్టే, దాన్ని నమ్ముకోవద్దు. కొన్నిచోట్ల పీల్చే గ్యాసు ఉంటుంది, ఇంకొన్నిచోట్ల నిద్రమత్తు ఇస్తారు. నిద్రమత్తయితే కడుపు ఖాళీగా రమ్మంటారు, తోడు మనిషి తప్పనిసరి, ఆ రోజంతా బండి నడపకూడదు.

ముఖద్వారం మెత్తబడుతుందని మిసోప్రొస్టాల్ మాత్ర ఇచ్చే అలవాటు అక్కడక్కడా ఉంది. అందరికీ అవసరం లేదు. అదే కడుపునొప్పి, విరేచనాలు, చలి తెప్పిస్తుంది, పైగా నొప్పి తగ్గించినట్టు తేలలేదు. ఒకసారి ప్రయత్నించి లూప్ ఎక్కకపోతే, రెండోసారికి ఆలోచించాల్సిన మందు అది.

నొప్పి మాత్ర ఎందుకు, ఎప్పుడు

ఐబుప్రొఫెన్ 400 నుంచి 600 మి.గ్రా. లేదా నాప్రోక్సెన్ 500 మి.గ్రా., రెండింట్లో ఒకటే, గంట ముందు, ఏదైనా తిన్నాక. గర్భసంచి ముడుచుకోవడానికి కారణమయ్యే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఇవి ఆపుతాయి. అవి తయారయ్యాక వేసుకుంటే ఫలితం ఆలస్యం, అందుకే ముందే వేసుకోవాలి. పటకారు గిల్లుడుకు ఇవి పనిచేయవు. ఇంటికొచ్చాక వచ్చే మెలికలకు మాత్రం నిజంగా పనికొస్తాయి. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఇలాంటి మాత్రలతో పెరిగే ఆస్తమా ఉన్నవాళ్లూ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లూ వీటి జోలికి వెళ్లొద్దు. వాళ్లకు పారాసిటమాల్ 1000 మి.గ్రా. (బరువు 50 కిలోలు దాటితే), రోజుకు 4 గ్రాములు మించకుండా. నిద్రమత్తు లేకపోతే ఖాళీ కడుపుతో అసలు వెళ్లకండి. ఉదయం నుంచి ఏమీ తినకపోతే కళ్లు తిరిగి పడే అవకాశం ఎక్కువ.

నెలసరిలోనే వేయించుకోవాలన్నది పాత మాట. ఆ రోజుల్లో గర్భం లేదన్న భరోసా ఉంటుంది, అంతవరకే దాని లాభం. నొప్పి తగ్గుతుందన్న ఆశతో నెల రోజులు ఆగనక్కర్లేదు. కాన్పయినవాళ్లకు 48 గంటల్లోపు వేయవచ్చు, అది దాటితే నాలుగు వారాలు ఆగాలి. పాలిస్తున్నవాళ్లు ఆ మాట తప్పక చెప్పాలి. లూప్ గర్భసంచి గోడను చీల్చుకుపోవడం వెయ్యిమందిలో ఒకరిద్దరికి జరిగే అరుదైన సంగతే, కానీ పాలిచ్చే తల్లుల్లో ఆ అవకాశం ఎక్కువ. జ్వరం, దుర్వాసనతో తెల్లబట్ట, పొత్తికడుపులో నొప్పి ఉంటే వాయిదా వేసుకోండి.

భయం

"భయపడకండి" అనే మాటతో ఎవరి భయమూ తగ్గలేదు. ఏం జరగబోతోందో తెలిస్తే, ఆపే అధికారం తన చేతిలో ఉందంటే తగ్గుతుంది. గదిలోకి వెళ్లగానే, బట్టలు మార్చుకోకముందే చెప్పండి: "నాకు చాలా భయంగా ఉంది. నేను చెయ్యెత్తితే ఆపండి." ఆపడమంటే సామాను తీసేయడం కాదు, ఉన్నచోట కదలకుండా ఉండడం అని కూడా ఒప్పందం చేసుకోండి. ప్రతి అడుగూ ముందుగా చెబుతూ చేయాలా, మాట్లాడకుండా కానివ్వాలా అన్నది మీ ఇష్టం. కొందరికి వింటే ధైర్యం, కొందరికి చెవుల్లో పాట ఉంటేనే ధైర్యం. స్పెక్యులమ్ అంటే బిగుసుకుపోయేవాళ్లు దాన్ని తామే పెట్టుకుంటామని అడగొచ్చు. డాక్టరు భయం తగ్గే మాత్ర రాసిస్తే అది భయాన్నే తగ్గిస్తుంది, నొప్పిని కాదు. వేసుకున్న రోజు ఒంటరిగా వెళ్లకండి.

బల్ల మీద తొడలు బిగపడితే కటి కండరాలూ బిగుస్తాయి, స్పెక్యులమ్ మరింత నొక్కుకుంటుంది. "వదులుగా ఉండండి" అంటే శరీరానికి అర్థం కాదు, దానికో పని చెప్పాలి. మోకాళ్లను వాటి బరువుకే పక్కలకు వాలనివ్వండి. పళ్లు కరుచుకోకుండా దవడ జార్చండి. కాలివేళ్లు కదిలిస్తూ ఉండండి. పిరుదులు గాల్లోకి లేస్తుంటే రెండు పిడికిళ్లూ వాటి కింద పెట్టుకోండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. దీన్ని వారం ముందు నుంచి రాత్రి పడుకునేటప్పుడు సాధన చేస్తేనే ఆ రోజు గుర్తుంటుంది. పటకారు పట్టే క్షణంలో ఊపిరి బయటకు వదలడమో, ఒకసారి దగ్గడమో చేయండి. ఊపిరి బిగబట్టకండి, ముక్కకండి.

ఒళ్లు వేడెక్కి చెమట పట్టినా, ఆవలింతలు వచ్చినా, చూపు మసకబారినా గుండె వేగం పడిపోతోందన్నమాట. ముఖద్వారాన్ని కదిపితే, గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నరం రెచ్చి ఇలా అవుతుంది. వెంటనే చెప్పండి. తల కిందికి, కాళ్లు పైకి పెట్టి ఐదు పది నిమిషాలు ఉంచితే దాదాపు అందరికీ సర్దుకుంటుంది. సర్దుకోకపోతే ఇవ్వడానికి గుండె వేగం పెంచే అట్రోపిన్ మందు ఉంటుంది. సూది చూస్తేనే పడిపోయే అలవాటున్నవాళ్లు పిడికిళ్లూ మోచేతులూ 15 సెకన్లు గట్టిగా బిగించి, 20 సెకన్లు వదిలి, ఇలా ఐదుసార్లు చేస్తే రక్తపోటు నిలబడుతుంది. చేతులు మాత్రమే సుమా, తొడలు కాదు. అయిపోగానే దిగకండి. కాళ్లు వేలాడేసి ఐదు నిమిషాలు కూర్చుని అప్పుడు లేవండి.

కడ్డీ లోపలికి వెళ్లకపోతే బలవంతం చేయనివ్వొద్దు. మరో రోజు మత్తుతో, స్కానింగ్ చూస్తూ వేయించుకోవచ్చు.

ఇంటికొచ్చాక

మొదటి రోజు మెలికలు గట్టిగానే వస్తాయి. పొత్తికడుపు మీద వేడినీళ్ల సంచి పెట్టుకోండి. ఐబుప్రొఫెన్ 400 మి.గ్రా. ఎనిమిది గంటలకోసారి, తిన్నాక. ఆస్పిరిన్ వద్దు, రక్తస్రావం పెంచుతుంది. కాపర్-టితో మూడు నుంచి ఆరు నెలలు నెలసరి ఎక్కువవుతుంది, హార్మోన్ లూప్‌తో అంతే కాలం మరకలు కనబడుతూ ఉంటాయి. కాపర్-టి వేసిన క్షణం నుంచే పనిచేస్తుంది. హార్మోన్ రకానికి, వేసిన రోజును బట్టి, 7 రోజులు కండోమ్ అవసరం కావచ్చు.

నెలసరి అయ్యాక చేతులు కడుక్కుని, గొంతుక్కూర్చుని నడివేలితో దారాలు చూసుకోండి. చేపల గాలం దారంలా తగలాలి. లాగకండి. దారాలు దొరకకపోయినా, పొడవు పెరిగినట్టున్నా, గట్టి ప్లాస్టిక్ కొస తగిలినా కండోమ్ వాడుతూ డాక్టరుకు చూపించండి. సుమారు ఇరవై మందిలో ఒకరికి లూప్ జారి వచ్చేస్తుంది, ఎక్కువగా మొదటి కొన్ని నెలల్లో, నెలసరితో పాటు. మెన్‌స్ట్రువల్ కప్ వాడేవాళ్లు అడుగు భాగాన్ని నొక్కి గాలి వదిలించాకే బయటకు తీయాలి. గాలి వదిలించకుండా లాగితే దారంతో పాటు లూప్ కూడా వచ్చేయొచ్చు.

తగ్గాల్సిన నొప్పి రెండో రోజు నుంచి పెరుగుతుంటే, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) దాటితే, దుర్వాసన వస్తే, గంటకో ప్యాడు చొప్పున వరుసగా రెండు గంటలు తడిస్తే ఆ రోజే వెళ్లండి. నెలసరి తప్పి ఒక పక్క నొప్పి వస్తుంటే అసలు ఆగొద్దు. గర్భం ట్యూబులో నిలిచి ఉండొచ్చు.

తీయించుకోవడం చాలా తేలిక, దారం పట్టి లాగితే చేతులు మడుచుకుని క్షణాల్లో వచ్చేస్తుంది. ఒక్క జాగ్రత్త: ఇంకా గర్భం వద్దనుకుంటే, తీయించుకునే ముందు 7 రోజులు కలవకండి, లేదా కండోమ్ వాడండి.