ఇంటి స్టూడియో పాఠాలు – 6: పాత సిస్టమ్ నుంచి కొత్త సిస్టమ్‌కి

పోయిన పాఠంలో ఒక్కో పాటకి ఒక్కో ఫోల్డర్ పెట్టి, రికార్డింగులన్నీ అందులోకి చేర్చడం నేర్చుకున్నాం. ఆ పని మిగిలినవాళ్లు ముందు దాన్ని ముగించుకుని రండి. ఈరోజు చేయబోయేదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కాబట్టి, సిస్టమ్ మార్చే పని నేడో రేపో మీకూ తగులుతుంది. ఎప్పుడు మార్చాలో ముందు తేల్చుకోండి. మన నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు కార్తీకం నుంచి క్రిస్మస్ దాకా అయ్యప్ప పాటలు, క్రిస్మస్ పాటలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. వాయుగుండాలు, కరెంటు కోతలు కూడా ఆ నెలల్లోనే. సంక్రాంతి దాటాక పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. పాతదీ కొత్తదీ కనీసం ఒక నెల పక్కపక్కనే ఉండాలి. పాతది ఎక్స్చేంజ్‌లో ఇచ్చి కొత్తది తెచ్చుకునే ఆలోచన ఉంటే మానుకోండి. అక్కడొచ్చే నాలుగు డబ్బుల కంటే ఆ నెల రోజులు మీకు ఎక్కువ అవసరం.

ప్లగిన్ అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లోపల నడిచే చిన్న వాయిద్యం లేదా ఎఫెక్ట్ ప్రోగ్రామ్. దానిలో ఫైలు వేరు, లైసెన్సు వేరు. విండోస్‌లో ఫైళ్లు సి డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్, కామన్ ఫైల్స్, వీఎస్‌టీ3 ఫోల్డర్లో కనిపిస్తాయి. ఆ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని పోతే పని అయిపోతుందని చాలామంది అనుకుంటారు. ఒకే ఫైలుతో నడిచే చిన్న ఉచిత ప్లగిన్లు కొన్ని అలా పనిచేస్తాయి. పెద్దవి తమ సామగ్రిని ప్రోగ్రామ్ డేటాలో, యాప్ డేటాలో, రిజిస్ట్రీలో కూడా దాచుకుంటాయి. అందుకని వాటిని కొత్తగా ఇన్‌స్టాల్ చేయాల్సిందే.

లైసెన్సు సంగతే అసలు గట్టిగా పట్టించుకోవాలి. చాలా కంపెనీలు ఇన్ని సిస్టమ్‌ల వరకే అని లెక్క పెట్టుకుంటాయి. ఏబుల్టన్ లైవ్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మామూలు లైసెన్సుకి రెండు. పాత సిస్టమ్ నుంచి లైసెన్సు విడిపించకుండా ఫార్మాట్ కొట్టేస్తే ఆ లెక్కలో ఒకటి చచ్చిపోయిన సిస్టమ్ పేరు మీదే ఉండిపోతుంది. తర్వాత సపోర్ట్ వాళ్లకి మెయిళ్లు పెట్టుకుంటూ కూర్చోవాలి. ఐలాక్ (చాలా కంపెనీల ప్లగిన్ల లైసెన్సులు చూసుకునే సేవ) వాడేవాటికి ఐలాక్ లైసెన్స్ మేనేజర్ తెరిచి, నెట్ ఉండగానే, పాత సిస్టమ్ మీద డీయాక్టివేట్ నొక్కండి. వేవ్స్ కంపెనీ ప్లగిన్లైతే వాళ్ల వేవ్స్ సెంట్రల్ యాప్‌లో లైసెన్సుల్ని క్లౌడ్‌కి పంపాలి. క్యూబేస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి 12వ వెర్షన్ నుంచి లైసెన్సు మీ అకౌంట్‌లోనే ఉంటుంది. అంతకుముందు వెర్షన్లు యూఎస్‌బీ ఈ-లైసెన్సర్‌తో, అంటే లైసెన్సు దాచుకునే పెన్‌డ్రైవ్‌లాంటి డాంగిల్‌తో నడిచేవి. ఆ సేవని 2025 మే 20న ఆపేశారు కాబట్టి, పాత డాంగిల్ ఇంకా చేతిలో ఉన్నవాళ్లు దాన్ని జాగ్రత్తగా చూసుకోండి. రీపర్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లది హాయి: లైసెన్సు కీ ఒక చిన్న ఫైలు. ఆప్షన్స్ మెనూలో రిసోర్స్ పాత్ చూపించమంటే మీ సెట్టింగులున్న ఫోల్డర్ తెరుచుకుంటుంది. దాన్నీ కాపీ చేసుకోవచ్చు.

క్రాక్ ప్లగిన్లు (డబ్బు కట్టకుండా లాక్ తీసేసినవి) మార్చే పద్ధతి ఈ పాఠాల్లో చెప్పను. డబ్బు తీసుకుని చేసే పాటని వాటి మీద నిలబెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. ఈక్యూకి (బేస్, ట్రెబుల్ లాంటివి సరిచేసేది) టీడీఆర్ నోవా, సింత్‌కి (ఎలక్ట్రానిక్ మోతలు పుట్టించేది) వైటల్ ఉచితంగానే దొరుకుతున్నాయి. వాటితో మొదలుపెట్టండి.

ఇక శాంపిల్ లైబ్రరీలు, అంటే వాయిద్యాల మోతలు ముందే రికార్డు చేసి పెట్టిన ఫైళ్లు. పాత సిస్టమ్‌లో అవి ఇ డ్రైవ్‌లో ఉంటే, కొత్తదాంట్లో కూడా డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఆ డ్రైవ్‌కి ఇ అక్షరమే ఇవ్వండి. పాత ప్రాజెక్టులు వెతుక్కునే దారి మారకుండా ఉంటుంది. కొత్త విండోస్ 11లో డాక్యుమెంట్స్ ఫోల్డర్ చాలాసార్లు వన్‌డ్రైవ్‌లోకి పోతుంది. ప్రీసెట్లు (మీరు దాచుకున్న ప్లగిన్ సెట్టింగులు) ఉండేది ఎక్కువగా అక్కడే. ఆ వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆపేసి పని మొదలుపెట్టండి.

పాతదాంట్లో చివరి పని స్టెమ్స్ తీయడం, అంటే ఒక్కో ట్రాక్‌ని విడి ఆడియో ఫైలుగా బయటికి తీసుకోవడం. ఏడాది తర్వాత ఒకాయన ఫోన్ చేస్తాడు: "అన్నా, పోయినేడు పాటకి ట్రాక్ కావాల, పాప గొంతు తీసేసి ఇయ్యన్నా" అని. ప్రాజెక్టు తెరిస్తే, నాదస్వరం ఉన్న చోట ప్లగిన్ దొరకలేదన్న గడి ఒకటి కనిపిస్తుంది. నోట్లు ఉంటాయి, మోత ఉండదు. అదే నాదస్వరం వేవ్ ఫైలుగా పక్కన ఉంటే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా లాగి వేసుకోవచ్చు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియో ఫైలు నిమిషానికి సుమారు 17 ఎంబీ. అయిదు నిమిషాల పాటలో 30 ట్రాకులుంటే రెండున్నర జీబీ చిల్లర. ఈరోజుల్లో అదో లెక్క కాదు. అన్ని ట్రాకులూ పాట సున్నా నుంచే మొదలయ్యేలా తీయండి, లేకపోతే తాళం కలవదు.

కొత్త సిస్టమ్‌లో మొదట ఆడియో ఇంటర్‌ఫేస్ డ్రైవర్, తర్వాత మీ సాఫ్ట్‌వేర్, ఆ తర్వాత ప్లగిన్లు ఎక్కించండి. అన్నీ ఒకేసారి ఎక్కించకండి. నాలుగైదు వేసి, మీ సాఫ్ట్‌వేర్‌తో ఒకసారి ప్లగిన్లని స్కాన్ చేయించండి. దేని దగ్గర ఆగిపోయిందో అప్పుడే తెలుస్తుంది. పాత ప్రాజెక్టులో వీఎస్‌టీ2 (వీఎస్‌టీ3 కంటే పాత ప్లగిన్ ఫార్మాట్) రకం వాడి ఉంటే ఇన్‌స్టాలర్‌లో దానికీ టిక్కు పెట్టండి. వీఎస్‌టీ3 ఒక్కటే వేస్తే చాలా సాఫ్ట్‌వేర్లు దాన్ని వేరే ప్లగిన్ కిందే లెక్కిస్తాయి, మీ సెట్టింగులు అందులోకి రావు.

ఈసారి అభ్యాసం: ఒక్క పాట కొత్తదాంట్లో తెరవండి. పాత సిస్టమ్‌లో తీసిన ఫైనల్ మిక్స్‌ని పక్క ట్రాక్‌లో వేయండి. అది మాస్టర్ ప్లగిన్ల (పాట మొత్తం మీద వేసినవి) గుండా రెండోసారి పోకుండా చూసుకోండి. దాని పోలారిటీ తిప్పి (ధ్వని తరంగాన్ని తలకిందులు చేసి), రెండూ కలిపి ప్లే చేయండి. తేడా లేకపోతే నిశ్శబ్దం. రివర్బ్, కోరస్ లాంటివి ప్రతిసారీ కొద్దిగా మారతాయి కాబట్టి సన్నగా ఏదో వినబడితే కంగారు పడొద్దు. డోలక్కో గొంతో స్పష్టంగా వినిపిస్తే మాత్రం ట్రాకుల్ని ఒక్కొక్కటిగా సోలో చేసి ఎక్కడ మారిందో పట్టుకోండి. పాత సిస్టమ్ ఇంకా పక్కనే ఉంది కాబట్టి, ఆ ప్లగిన్ అక్కడ తెరిచి వెర్షన్ నంబరు చూసి రావచ్చు. వచ్చే పాఠంలో కొత్త సిస్టమ్‌కి తగ్గట్టు బఫర్ సైజు సరిచేద్దాం.