చౌడు నేలల బాగు – మూడవ పాఠం: జిప్సం ఏ నేలకు, ఎప్పుడు?

గత పాఠంలో తీసిన మట్టి నమూనాకు పరీక్ష ఫలితం వచ్చిందనుకుందాము. అందులో పీహెచ్ అని రాసి ఉండే ఉదజని సూచిక 7 దగ్గర ఉంటే నేల తటస్థంగా ఉన్నట్టు, 8.5 దాటితే క్షారగుణం హెచ్చినట్టు. ఒక్క అంకె పెరిగితే క్షారత్వం పది రెట్లు పెరుగుతుంది కనుక 8కి, 9కి మధ్య తేడా చిన్నది కాదు.

చౌడు అనగానే జిప్సం (కాల్షియం సల్ఫేటు ఖనిజం) బస్తాలు దించుకోవడం మన పల్లెల్లో తరచుగా జరిగే పొరపాటు. తెల్లని ఉప్పు పొర తేలే పాల చౌడుకు జిప్సంతో పని లేదు. మంచి నీటిని నిలగట్టి, ఉప్పును కడిగి మురుగు కాలువలోకి వదిలితే చాలు. తడిస్తే జారుడుగా, ఎండితే రాయిలా మారి, నీటిని లోపలికి ఇంకనివ్వని కారు చౌడు సంగతి వేరు. అక్కడ బంకమట్టి రేణువులను సోడియం పట్టుకొని ఉంటుంది. జిప్సంలోని కాల్షియం ఆ సోడియాన్ని తప్పించి దాని చోటులో కుదురుకుంటుంది, విడిపోయిన సోడియం సల్ఫేటుగా మారి నీటిలో కరుగుతుంది. ఆ నీరు పొలం దాటి పోయే దారి లేకపోతే సోడియం అక్కడే మిగులుతుంది. అందుకే జిప్సం కంటే ముందు మురుగు కాలువ తవ్వాలని నేను గట్టిగా చెబుతాను.

పొలాన్ని చదును చేసి, చిన్న మడులు కట్టి, పరీక్షలో తేలిన మోతాదు ప్రకారం జిప్సం పొడిని సమంగా చల్లి, పైపైన నాలుగు అంగుళాల మేరకే కలియదున్నాలి. లోతుగా దున్నితే మందు పలచబడుతుంది. తరువాత నీరు నిలిపి, కొన్ని రోజులకు తీసివేసి, రెండు మూడు సార్లు ఇలాగే చేయాలి. ఆపై పచ్చిరొట్ట ఎరువు పైరైన జీలుగ విత్తనం చల్లి, పూత దశలో కలియదున్ని, మొదటి పంటగా వరి వేయడం మేలు. ఈ నేలల్లో జింకు లోపం తరచుగా కనిపిస్తుంది కాబట్టి జింకు సల్ఫేటును మరువవద్దు. బాగుపడిన పొలాన్ని బీడు పెడితే చౌడు మళ్ళీ పైకి తేలుతుంది.

అభ్యాసం: పంట బాగా వచ్చే చోటు నుంచి, రాని చోటు నుంచి శనగగింజంత ఎండు మట్టిగడ్డలు తెచ్చి, వేరువేరు గాజు గ్లాసుల్లో వాన నీటిలో వదిలి, రెండు గంటలు కదపకుండా ఉంచండి. గడ్డ చుట్టూ పాలలాంటి మబ్బు కమ్మితే సోడియం ఉన్నట్టు అనుమానించాలి. బోరు నీటితో ఈ పరీక్ష చేయకండి. అందులోని లవణాలు మట్టిని విడిపోనివ్వక మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తాయి.