ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్‌కి వెళ్లండి

హైదరాబాద్‌కి చుట్టాలొస్తే చార్మినార్ చూపించి, బిర్యానీ పెట్టించి పంపేస్తాం. నన్నడిగితే ఆదివారం ఆబిడ్స్‌కి తీసుకెళ్లాలి. ఆ రోజు చాలా షాపులు మూసేస్తారు. షట్టర్ల ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరుస్తారు. ఎండ ముదరకముందే చేరుకోండి. పైన పేర్చిన ఇంగ్లిష్ నవలల జోలికి పోకుండా అడుగు దొంతరలు కదపండి. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు, బైండు చేయించిన పాత వారపత్రికలు, అట్ట తిప్పగానే ఎవరో సిరాతో రాసుకున్న పేరు... దొరికితే అక్కడే దొరుకుతాయి. బేరానికి ముందు చివరి పేజీ ఉందో లేదో చూసుకోండి (కథ మధ్యలో ఆగిపోతే ఆ బాధ వేరు). ఒక్కోటీ కాకుండా నాలుగైదు కలిపి అడిగితే రేటు తగ్గిస్తారు. సంచి, చిల్లర మర్చిపోవద్దు. ఇంటికి తెచ్చాక దుమ్ము దులిపి, ఓ పూట నీరెండలో పెట్టాకే బీరువాలో సర్దండి.