పేపర్లో పదకేళి (క్రాస్‌వర్డ్) సగంలో ఆగిపోతే ఎవర్ని అడగాలి, ఎలా అడగాలి

ముందుగా ఒక్క మాట, పెన్నుతో నింపకండి. పెన్సిలు, రబ్బరు పక్కన పెట్టుకోండి. నేను చాలా ఏళ్లు పెన్నుతోనే నింపేవాణ్ణి, అదో పొగరు. ఒకరోజు ఆధారం "తామర (3)" అని, అంటే తామరకి మూడక్షరాల మాట కావాలని, ఉంటే ఇంకేముంది కమలం అని నొక్కి రాసేశా, దాంతో దాన్ని తాకే నిలువు మాటలు ఏం చేసినా కుదర్లేదు, అరగంట కొట్టుకున్నాక అనుమానమొచ్చి చూస్తే అక్కడ రావాల్సింది నీరజం. దాని మీద దిద్ది దిద్ది పేపరు చిరిగింది కానీ పజిల్ పూర్తవ్వలేదు.

ఇలా ఇరుక్కున్నప్పుడల్లా నేను తెనాల్లో ఉండే మా పెద్దమ్మకి ఫోన్ చేసేవాణ్ణి. పదకేళి అన్నా, పదవినోదం అన్నా, గళ్లనుడికట్టు అన్నా ఆవిడకి అన్నీ "పజిలే". మొదటిసారి ఫోన్ చేసినప్పుడు "పెద్దమ్మా, మేఘం, మూడక్షరాలు, చివర ద" అన్నా. "చివరిది నాకెందుకురా, అది ఎలాగూ ద నే అవుతుంది, నడిమి అక్షరం చెప్పు" అంది. అప్పుడు అర్థం కాలేదు, తర్వాత కాగితం మీద రాసుకుంటే తెలిసింది. జలద, నీరద, వారిద, అంబుద, తోయద, పయోద. అన్నీ మేఘాలే, అన్నిటికీ మూడక్షరాలే, అన్నిటి చివరా ద నే. చివరి అక్షరం దొరికిందని సంబరపడి ఫోన్ చేస్తే అవతలివాళ్లు మాత్రం ఏం చెప్తారు? నడిమి అక్షరం ర అంటే నీరద, య అంటే తోయద, అయిపోయింది.

ఈ నీళ్ల లెక్క ఒక్కటి వచ్చేస్తే మాత్రం చాలా ఫోన్లు తప్పుతాయి. నీటికున్న పేర్లు జల, నీర, వారి, అంబు, తోయ ఇలా తీసుకోండి. చివర జ పెడితే నీట్లో పుట్టింది, తామర. ద పెడితే నీళ్లిచ్చేది, మేఘం. ధి పెడితే నీళ్లుండే చోటు, సముద్రం. జలజ జలద జలధి, అంబుజ అంబుద అంబుధి, అలా పోతూనే ఉంటాయి. కొండ పేర్లకి జ తగిలిస్తే పార్వతి, గిరిజ శైలజ నగజ అద్రిజ. రాత్రికి కర తగిలిస్తే చంద్రుడు, పగలుకి తగిలిస్తే సూర్యుడు. పజిల్ కూర్చేవాళ్లకి ఇవి బియ్యంలో నీళ్లంత మామూలు, ఖాళీ గడులు మిగిలితే వీటితోనే నింపేస్తారని నా అనుమానం.

సరే, ఎవర్నైనా అడిగే ముందు ఆధారం సూటిదా మెలికదా అన్నది మీరే తేల్చుకోవాలి, ఎందుకంటే సూటి ఆధారానికి నిఘంటువు చాలు, మెలిక ఆధారానికి నిఘంటువు వల్ల పైసా ఉపయోగం లేదు. "తిరగబడిన", "వెనుదిరిగిన", "తలకిందులైన", "చెదిరిన", "తల తెగిన", "తోక లేని", "నడుం విరిగిన", "దాగిన" లాంటి మాటలు కనిపిస్తే అది మెలిక. ఉదాహరణకి "తిరగబడిన తీగ శిరస్సైంది (2)" అంటే తీగ అంటే లత, తిప్పితే తల. ఇక్కడ కొత్తవాళ్లు చేసే తప్పేంటంటే గుణింతాన్ని అక్షరం నుంచి విడదీసి తిప్పుతారు. అలా కాదు, గడిలో ఉన్నది ఉన్నట్టు మొత్తంగా తిరుగుతుంది, నది తిరిగితే దిన అవుతుంది, దని కాదు. వికటకవి ఎటు చదివినా వికటకవే అయ్యేది కూడా అందుకే.

"తల తెగిన కవిత్వం అడవైంది (2)" ఇస్తే కవనం లోంచి క తీసేయండి, వనం. "తోక తెగిన పట్నం ఒంటి మీద బంగారం (2)", నగరం లోంచి రం పోతే నగ. నాకు బాగా నచ్చే రకం నడుం విరగ్గొట్టేది, "నడుం లేని డ్రామా స్వర్గమే (2)" అంటే నాటకంలో ట తీసేస్తే నాకం, నాకం అంటే స్వర్గం. చెదిరినవి వస్తే భయపడక్కర్లేదు, మూడక్షరాల్ని ఆరు రకాలుగానే పేర్చగలం, ఆరూ రాసి చూడండి, "చెదిరిన నవల కారణంగా (3)" అంటే వలన అని దానంతట అదే కనపడుతుంది. నాలుగక్షరాలకైతే ఇరవై నాలుగు రకాలు, అప్పుడు మాత్రం అడ్డంగా తగిలే అక్షరం ఒకటైనా దొరికేదాకా ఆగండి. అసలు మోసం ఎక్కడంటే ఏ గుర్తు మాటా లేకుండా రెండర్థాలతో ఇచ్చేవాటిలో ఉంది. "గది చివర కనిపించే చుక్క (2)" అని ఇస్తే చుక్కలు, ముగ్గులు, ఆకాశం అన్నీ తిరిగొస్తాం, జవాబేమో మూల. గది మూల, మూలా నక్షత్రం.

నక్షత్రం అంటే గుర్తొచ్చింది, ఇంట్లో పంచాంగం ఉంటే పేపరు పక్కన పెట్టుకోండి, పజిల్‌కి ఇంతకన్నా చవకైన గైడ్ లేదు. ఇరవై ఏడు నక్షత్రాలు, పన్నెండు రాశులు, అరవై సంవత్సరాలు అన్నీ వరసగా అందులోనే ఉంటాయి. "ఒక తెలుగు సంవత్సరం (2)" అని వస్తే అరవైలో రెండక్షరాలవి శుక్ల, భావ, యువ, ధాత, వృష, వ్యయ, ఖర, జయ, ప్లవ, క్రోధి, సౌమ్య, నల, రౌద్రి, అంతే. ఒక్క అక్షరం తగిలితే చాలా వరకు తేలిపోతుంది. ఇందులో ఖర అంటే గాడిద, నల అంటే దమయంతి మొగుడు, జయ అంటే గెలుపు కాబట్టి అటు నుంచి కూడా ఆధారం ఇస్తారు. "విజయవాడలో దాగిన సంవత్సరం (2)" అన్నా జయే. మూడక్షరాల నక్షత్రాల్లో ఆరుద్ర ఉంది, ఆ పేరుతో రాసిన కవి గారు స్వయంగా గళ్లనుడికట్లు కూర్చినవారే.

అక్షరాల లెక్క సరిపోకపోతే మీ జవాబు తప్పని వెంటనే తీసేయకండి. ఒక గడి ఎక్కువుంటే సున్నా తీసేసి ము పెట్టి చూడండి, పుస్తకం మూడు, పుస్తకము నాలుగు. ఆధారం బహువచనంలో ఉంటే చివరి గడిలో లు అని లైట్‌గా రాసి పెట్టుకోవచ్చు, మగవాడి పేరైతే డు. ఎంత పెద్ద ఒత్తున్నా గడి ఒకటే, స్త్రీ ఒక్క గడి. పొల్లు అక్షరానికి విడిగా గడి ఇస్తారా, ముందు అక్షరంతో కలిపేస్తారా అన్నది మాత్రం కూర్చేవాళ్లని బట్టి ఉంటుంది, రెండ్రోజులు జవాబులు చూస్తే అలవాటవుతుంది. ళ బదులు ల వేసే వాళ్లూ ఉన్నారు, వాళ్లతో గొడవ పెట్టుకుని లాభం లేదు.

నిఘంటువుకి వస్తే, కొనాల్సిన పని లేదు, ఆంధ్రభారతి సైట్లో నిఘంటు శోధన ఉంది, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర, బ్రౌన్ అన్నిట్లో ఒకేసారి వెతుకుతుంది. కాకపోతే వాటిలో మాటలు పాత పద్ధతిలో ఉంటాయి, శబ్దరత్నాకరం 1885 నాటిది మరి, కాబట్టి మేఘం అని కొట్టి దొరక్కపోతే మేఘము అని కొట్టండి. పర్యాయపదాలే కావాలంటే జి.ఎన్. రెడ్డి గారి పర్యాయపద నిఘంటువు చూడండి, నా మాట వింటే పజిల్ చేసేవాళ్లకి ముందుగా కావాల్సింది అదే. అది దొరక్కపోతే అమరకోశం, సంస్కృత పర్యాయపదాల పాత పుస్తకం.

ఇంగ్లీషు క్రాస్‌వర్డ్ వాళ్లకి తెలిసిన అక్షరాలు కొడితే మాట చెప్పే సైట్లు బోలెడున్నాయి, వాటి పద్ధతి మనకి పనికిరాదు. మనకి స్త్రీ ఒక్క గడి కదా, కంప్యూటర్ లోపల అది ఆరు గుర్తులు, స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. అది ఆరు అంటుంది మనం ఒకటి అంటాం. ఫోన్లో ఏఐని అడిగినా ఇదే తంటా, ఓసారి నాలుగక్షరాల మాట అడిగితే ఆరక్షరాలది ఇచ్చి ఇవిగో నాలుగు అని ధీమాగా చెప్పింది. అందుకని దాన్ని జవాబు అడగను, "సముద్రానికి తెలుగులో ఓ ఇరవై పర్యాయపదాలు ఇవ్వు" అంటాను, గడులు నేనే లెక్క పెట్టుకుంటా, ఏదైనా కొత్త మాట చెప్తే నిఘంటువులో ఉందో లేదో చూసుకుంటా, ఎందుకంటే లేని మాటలు కూడా పుట్టించేస్తుంది.

మనుషుల్ని అడగడానికి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపే బెస్ట్, కానీ పజిల్ మొత్తం ఫోటో తీసి పెట్టకండి, ఎవరూ చూడరు, చూసినా మా బాబాయిలాంటి వాళ్లు మొత్తం నింపి తిరిగి పంపిస్తారు, ఇక మనకి మిగిలేదేంటి? ఒక్క ఆధారం పెట్టండి. "సూర్యుడు, 5 అక్షరాలు, రెండోది వా, చివర డు" అంటే దివాకరుడు అని నిమిషంలో వస్తుంది. ఆధారాన్ని మాత్రం పేపర్లో ఉన్నది ఉన్నట్టు టైప్ చేయండి, మీ సొంత మాటల్లో చెప్తే ఆ "తిరగబడిన" అన్నది ఎగిరిపోతుంది. తగిలే అక్షరం మీద మీకే నమ్మకం లేకపోతే "ఇది డౌటు" అని చెప్పండి, ఎందుకంటే తప్పు అక్షరం ఇచ్చి సరైన మాట చెప్పమంటే ఎంత పండితుడైనా చెప్పలేడు. జవాబు బదులు ఇంకో హింట్ అడిగితే ఇంకా బాగుంటుంది, మా పెద్దమ్మ అయితే అడక్కపోయినా హింటే ఇచ్చేది, "ఉగాది రోజు వింటావు చూడు" అని ఫోన్ పెట్టేసేది.

మర్నాడు జవాబులు వచ్చాక తప్పు పోయినవి ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, అవే మాటలు నెల తిరక్కుండా మళ్లీ వస్తాయి. నా నోట్‌బుక్‌లో చంద్రుడి పేజీలో ఇందు, విధు, సోమ, శశాంక, మృగాంక, సుధాంశు ఉన్నాయి, వాటి కింద అమరకోశంలో దొరికిన గ్లౌ కూడా ఉంది. అదీ చంద్రుడేనట, ఒక్కటే అక్షరం. ఇంతవరకు దానికి సరిపోయే గడి ఏ పేపర్లోనూ తగల్లేదు.